స్టీల్ బ్యాక్‌ప్లేట్, 30 పౌండ్ల వింగ్: అండమాన్ నీళ్లకు ఈ సెట్ ఎంతవరకు పనికొస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సమయం కలిసొస్తుంది. ఏడాదికి 15-20 స్కూబా డైవ్‌లు చేసేవాళ్లకు, నడుముకు కట్టే సీసం వెయిట్లు తగ్గించుకోవాలనీ నీళ్లలో బల్లపరుపుగా నిలవాలనీ చూసేవాళ్లకు స్టీల్ బ్యాక్‌ప్లేట్ సెట్ (వీపు మీద స్టీల్ రేకు, దాని వెనక వింగ్ అనే గాలితిత్తి) మంచి కొనుగోలు. ఏడాదికోసారి అండమాన్‌లోని హేవ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) వెళ్లి నాలుగు డైవ్‌లు చేసి వచ్చేవాళ్లకు దండగ. మొదటి రకం వాళ్లు కూడా పెట్టెలోంచి తీసి అలాగే తొడుక్కుని దూకేటట్టయితే డైవ్ సెంటర్లో అద్దెకిచ్చే జాకెట్టే (గాలి నింపి, వదిలి తేలుడు సర్దుకునే తొడుగు) నయం. ఈ సామానులో ఖరీదైనవి ప్లేటూ వింగూ. పనితనం మాత్రం అంతా ప్లేటును ఒంటికి కట్టే నైలాన్ పట్టీని కుదుర్చుకోవడంలో ఉంది. టేపు, సుద్దముక్క, ఒక పూట తీరిక ఉంటే చాలు. చాలామంది ఎగ్గొట్టేది ఆ పూటనే.

సెట్ అంటే ఏమేం వస్తాయో చూద్దాం. 3 మిల్లీమీటర్ల మందంలో మడిచిన స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు ఒకటి, బరువు రమారమి 2.7 కిలోలు. 5 సెంటీమీటర్ల వెడల్పు నైలాన్ పట్టీ, ఎక్కడా అతుకు లేకుండా మూడున్నర నాలుగు మీటర్లు. సామాను తగిలించే ఐదు డీ-రింగులు, పట్టీ జారకుండా పట్టే స్టీల్ బిళ్లలు, నడుముకు ఒక బకిల్, కాళ్ల సందులోంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్ (మన భాషలో గోచీ పట్టీ అనుకోండి), ట్యాంకును ప్లేటుకు బిగించే రెండు క్యామ్ బ్యాండ్లు, వెనక కూర్చునే గాలితిత్తి. ఈ తిత్తినే వింగ్ అంటారు. జాకెట్‌లో గాలి మీ పొట్ట చుట్టూ, పక్కల చుట్టూ నిండుతుంది. ఇక్కడ మొత్తం వీపు వెనక, ట్యాంకుకు రెండు పక్కలా నిండుతుంది. కంటికి కనిపించే తేడా అదే.

ఈ అమరిక ఫ్లోరిడాలోని నీటి గుహల్లో పుట్టింది. విలియమ్ హోగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ పేరు మీద దీన్ని ఇప్పటికీ హోగార్తియన్ పద్ధతి అంటారు. 1998లో మొదలైన జీయూఈ (గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్) అనే శిక్షణ సంస్థ దీన్ని ప్రపంచమంతా పాకించింది. గుహలో వేలాడేది ఏదైనా తాడుకో రాయికో చిక్కుకుంటుంది కాబట్టి అక్కర్లేనిది తీసెయ్యి, ఉన్నదాన్ని ఒంటికి ఆనించు అన్నది వాళ్ల సూత్రం. మన పగడపు దిబ్బల మీద చిక్కుకునే భయం అంత లేకపోయినా, ట్యాంకులో గాలి ఎంతుందో చూపే ప్రెషర్ గేజ్ వేలాడి పగడాన్ని గీరుకుంటూ పోవడం ఏ బోటు ట్రిప్పులోనైనా కనిపించేదే. హేవ్‌లాక్ దగ్గరి డిక్సన్స్ పినకిల్ అనే డైవ్ చోట ప్రవాహం ఎదురు తిరిగినప్పుడు వేలాడే ప్రతి వస్తువుకీ కాళ్లు అదనంగా పనిచేయాల్సి వస్తుంది, గాలి అదనంగా ఖర్చవుతుంది.

బరువు లెక్క

"అరువు సొమ్ము బరువు చేటు" అన్న సామెత రెంటు గేర్‌కు అక్షరాలా వర్తిస్తుంది. రెంటు జాకెట్‌లోని స్పాంజీ, గుడ్డ, జేబులు తమంత తామే అర కిలో నుంచి కిలో దాకా పైకి తేలతాయి. ఆ తేలడాన్ని అణచడానికి మీ నడుముకు సీసం కడతారు. పైగా కొత్తవాళ్లు మునగక ఇబ్బంది పడితే బోటు మీద ఆలస్యమవుతుందని సెంటర్ వాళ్లు ఇంకో కిలో కలిపే ఇస్తారు. 3 మిల్లీమీటర్ల సూట్‌తో, జాకెట్‌తో 6 కిలోలు మోసే మనిషికి స్టీల్ ప్లేటుతో మూడు కిలోలకు అటూ ఇటూ సరిపోతాయి.

ఎలాగంటే, 2.7 కిలోల స్టీల్ ఉప్పునీళ్లలో సుమారు 2.3 కిలోల బరువే చూపిస్తుంది. మిగతాది అది తోసేసే నీటి బరువుకు పోతుంది. సీసానికీ ఈ నష్టం ఉంటుంది, కాకపోతే తక్కువ. అంటే ప్లేటు ఒక్కటే రెండున్నర కిలోల సీసానికి సమానం. దానికి జాకెట్ స్పాంజీ తేలడం లేకపోవడం కూడా కలుపుకోండి. అల్యూమినియం ప్లేటు అయితే 900 గ్రాములు తూగినా నీళ్లలో అర కిలో పనే చేస్తుంది. అందుకే ఈ రెండింట్లో ఏది కొనాలన్నది మీరు వేసుకునే సూట్‌ను బట్టి ఉంటుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లు, 28-29 డిగ్రీల నీళ్లలో రాష్‌గార్డుతోనో పొట్టి సూట్‌తోనో దిగేవాళ్లు స్టీల్ ప్లేటుకు తోడు బరువైన రబ్బరు ఫిన్లు (కాళ్ల రెక్కలు) కూడా వేసుకుంటే సీసం ఒక్క గ్రాము లేకుండానే అవసరానికి మించిన బరువైపోతారు. పైగా అవసరమొస్తే వదిలేయడానికి వాళ్ల దగ్గర బరువే ఉండదు. అలాంటివాళ్లకు అల్యూమినియం ప్లేటు, రెండు కిలోల వెయిట్ బెల్టు సరైన జోడీ.

మన దగ్గర దాదాపు అన్ని సెంటర్లలో కనిపించేది 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంక్, నింపేది 200 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర్లో. నిండుగా ఉన్నప్పుడు అది అర కిలో పైచిలుకు మునుగుతుంది, పూర్తిగా ఖాళీ అయితే రెండు కిలోల దాకా తేలుతుంది. 200 నుంచి 50 బార్‌కు వచ్చేలోపు పీల్చేసిన గాలి 1,665 లీటర్లు, దాని బరువు రెండు కిలోలు. డైవ్ మొదట్లో మీరు ఆ రెండు కిలోల మేర బరువుగా ఉండటం తప్పదు, ఉండాలి కూడా. అంతకన్నా ఎక్కువ ఉంటేనే తప్పు.

కాబట్టి బరువు పరీక్ష డైవ్ చివర్లో చేయాలి. 5 మీటర్ల లోతులో, 50 బార్ మిగిలినప్పుడు, వింగ్‌లోని గాలి పూర్తిగా తీసేయండి. పూర్తిగా అంటే ముందు నిటారుగా నిలిచి ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లో గాలి నింపే, వదిలే గొట్టం) ఎత్తి వదలాలి, తర్వాత తల కాస్త కిందకు వంచి వెనక ఎడమ వైపు అడుగున ఉన్న డంప్ తాడు (లాగితే గాలి పోయే తాడు) లాగాలి. వింగ్‌లో ఒక మూల గాలి దాక్కోవడం మామూలే, జాకెట్‌కు అలవాటుపడ్డవాళ్లు మరిచిపోయేది ఈ రెండో పనే. తర్వాత మామూలుగా ఊపిరి తీస్తూ కదలకుండా నిలవండి. మెల్లగా మునిగితే అర కిలో తీయండి, పైకి పోతుంటే అర కిలో కలపండి. నిండు ట్యాంకుతో పైన పరీక్ష చేయాల్సి వస్తే, కళ్ల మట్టానికి నీళ్లు ఉండేలా సరిచూసుకున్నాక రెండు కిలోలు కలుపుకోవడం మరవద్దు.

పట్టీ కుదిర్చే పద్ధతి

సూట్ వేసుకునే కొలవాలి. టీషర్టు మీద కొలిచిన పట్టీ డైవ్ రోజున బిగుసుకుపోతుంది.

మొదట ప్లేటు ఎత్తు. తొడుక్కుని చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెడితే ప్లేటు పై అంచు వేళ్లకు తగలాలి. తగలకపోతే ప్లేటు కిందికి జారిందని అర్థం. దాంతోపాటు ట్యాంకూ కిందికి పోతుంది, కాళ్లు బరువెక్కుతాయి. నడుము పొట్టిగా ఉన్నవాళ్లకు చిన్న సైజు ప్లేటు దొరుకుతుంది. మామూలు ప్లేటు వాళ్ల పిరుదులను ఒత్తుకుంటుంది.

తర్వాత భుజాలు. పట్టీకీ కాలర్ ఎముకకూ మధ్య అరచెయ్యి సులువుగా దూరాలి. అందరూ చేసే పని దీన్ని స్కూలు బ్యాగులా బిగించడం. అలా బిగిస్తే చెయ్యి వెనక్కి పోదు, ట్యాంక్ వాల్వు అందదు, తీసేటప్పుడు మోచెయ్యి కోడి రెక్కలా ఇరుక్కుంటుంది. భుజాలు వదులుగా ఉండి నడుము బిగువుగా ఉండాలి, బరువు పట్టేది నడుమే. రెండు భుజాల పట్టీలూ ఒకే పొడవు రావడం కళ్లతో చూస్తే తేలదు. ప్లేటు పై గాడి నుంచి కింది గాడి దాకా టేపుతో కొలిచి సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఒక వైపు రెండు సెంటీమీటర్లు తేడా వచ్చినా నీళ్లలో ట్యాంక్ పక్కకు వాలుతుంది. ఆ వాలును సరిచేయడానికి మీకు తెలియకుండానే ఒక కాలు ఎక్కువ తన్నుతూ ఉంటారు.

ఛాతీ మీది డీ-రింగులకు చోటు ఇలా వెతకండి. రెండు చేతులూ పక్కలకు చాచి, మోచేతుల దగ్గర లోపలికి మడవండి. బొటనవేళ్లు ఎక్కడ తగులుతాయో అక్కడే రింగులు. చంక దాకా కిందికి పోతే చెయ్యి తిప్పుకుని వెతకాల్సి వస్తుంది. మరీ పైకి పోతే కొక్కెం గడ్డానికి కొడుతుంది. ఎడమ నడుము రింగు తుంటి ఎముకకు కాస్త ముందుకు ఉండాలి. ప్రెషర్ గేజ్ అక్కడే తగిలిస్తాం కాబట్టి చూడకుండా ఒక్క చేత్తో తీసి పెట్టగలగాలి. ఇది వెనక్కి పోయిన సెట్లు చాలా కనిపిస్తాయి. వాళ్లు గేజ్‌ను మళ్లీ తగిలించలేక చివరికి వదిలేస్తారు, అది మళ్లీ వేలాడుతుంది, ఇంత ఖర్చూ పెట్టింది దేనికో అర్థం కాదు.

గోచీ పట్టీ 5 సెంటీమీటర్ల వెడల్పుదే తీసుకోండి, సన్నది తొడలు కోస్తుంది. నిటారుగా నిలబడ్డప్పుడు కాస్త బిగువు తెలియాలి, భుజాల పట్టీలను కిందికి లాగేంత కాదు. నీటి పైన వింగ్ నింపినప్పుడు మొత్తం సెట్ చెవుల దాకా లేవకుండా ఆపేది ఇదే. జాకెట్‌లో గడ్డం కింద ఇరుక్కునే అనుభవం ఉన్నవాళ్లకు మొదటి డైవ్‌లోనే దీని విలువ తెలుస్తుంది. నడుము పట్టీ దీని చివరనున్న మెలికలోంచి దూరుతుంది కాబట్టి నడుము బకిల్ విప్పితే ఇదీ ఊడుతుంది. వేరే తాళం ఏమీ లేదు.

మిగిలిన పట్టీని మొదటి రోజే కత్తిరించకండి. నాలుగు డైవ్‌లు అయ్యాక, బిళ్లలు కుదురుకున్నాక, 15-20 సెంటీమీటర్లు ఉంచి ఏటవాలుగా కోసి, లైటర్‌తో అంచు కరిగించండి. కరిగిన నైలాన్ చుక్క వేలికి అంటితే చర్మంతో సహా వస్తుంది, చెంచా వెనకతో అదమండి. కొత్త పట్టీ అట్టలా బిరుసుగా ఉంటుంది. రాత్రంతా మంచినీళ్లలో నానబెడితే మాట వింటుంది.

ఇంత చేశాక కూడా భుజం నొప్పి, పాత దెబ్బ ఉన్నవాళ్లకు అతుకు లేని పట్టీ కష్టమే. ఒక భుజానికి ప్లాస్టిక్ క్విక్-రిలీజ్ బకిల్ పెట్టుకుంటే హోగార్తియన్ మడిగట్టుకున్నవాళ్లు ముక్కు చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. చిన్న బోటు కింద అలల్లో సెట్ విప్పి పైకి అందించాల్సి వచ్చినప్పుడు ఆ బకిల్ విలువ తెలుస్తుంది. గుహలోకి వెళ్లని మనిషికి అది విరుగుతుందన్న భయం పెద్దగా అక్కర్లేదు. విడి బకిల్ ఒకటి సంచిలో పడేసుకుంటే చాలు.

వింగ్ సంగతి

30 పౌండ్లంటే 13.6 కిలోలను తేల్చే శక్తి. ఒక్క ట్యాంకుకు ఇది సరిపోతుందా అన్న అనుమానం అందరికీ వస్తుంది. డైవ్ మొదట్లో మోసే గాలి బరువు రెండున్నర కిలోలు, లోతులో సూట్ నొక్కుకుపోయి పోగొట్టే తేలుడు మరో కిలోన్నర. మీరు సెట్ విప్పేసి నీళ్ల మీద వదిలితే ప్లేటు, రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది), నిండు ట్యాంక్ కలిపి ఐదు కిలోలు. ఏ లెక్కన చూసినా సగం కూడా దాటదు. 18-20 కిలోల వింగ్ కొంటే మేలు జరగదు, కీడే. ఒక్క ట్యాంకు చుట్టూ ఆ పెద్ద తిత్తి దోసెలా మడుచుకుంటుంది, మడతలో గాలి చిక్కుతుంది, వదిలినా పోదు. గుండ్రంగా కలిసిపోయే వడ ఆకారం తీసుకోండి. గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దానంతటదే సర్దుకుంటుంది. గుర్రపు నాడా ఆకారంలో అడుగున దారి మూసి ఉంటుంది.

ఇన్‌ఫ్లేటర్ గొట్టం పొడవుగా ఉంటే ఛాతీ కిందకు వేలాడుతుంది. ఎడమ భుజం డీ-రింగు దగ్గర చిన్న ఎలాస్టిక్ తాడు మెలిక కట్టి అందులోంచి దూర్చండి. నోటికి ఎత్తేంత, తల పైకి ఎత్తి గాలి వదిలేంత వదులు ఉండాలి.

చెడేది ఎక్కడంటే, ఇన్‌ఫ్లేటర్ బటన్. ఇసుక రేణువు గానీ ఎండిన ఉప్పు గానీ ఇరుక్కుంటే నొక్కింది తిరిగి రాదు, వింగ్ దానంతటదే నిండుతూ పోతుంది. గాలి గొట్టాన్ని ఇన్‌ఫ్లేటర్‌కు కలిపే కప్లింగ్ వెనక్కి లాగి ఊడదీయడం ఒక్కటే మందు. ఎడమ చేత్తో, చూడకుండా, రెండు సెకన్లలో ఊడదీయగలరా అన్నది కొన్న రోజే ఇంట్లో తేల్చుకోండి. కొన్ని కప్లింగులు గ్లవ్స్ వేసుకుంటే జారతాయి. రెండో జబ్బు, ప్లేటుకూ ట్యాంకుకూ మధ్య తిత్తి నలగడం. బిగించే ముందు వింగ్‌లో రెండు ఊదులు గాలి ఉంచితే మడత పడదు.

మధ్యలో సింగిల్ ట్యాంక్ అడాప్టర్ అని ఒక స్టీల్ దిమ్మ అమ్ముతారు. వింగ్‌కే క్యామ్ బ్యాండ్ దూర్చే గాడులు ఉంటే అది అక్కర్లేదు. ఆ దిమ్మ తీసేస్తే ట్యాంక్ వీపుకు దగ్గరగా వస్తుంది, అటూ ఇటూ దొర్లడం తగ్గుతుంది, సంచిలో బరువూ తగ్గుతుంది.

గొట్టాలు, కొక్కేలు

రెగ్యులేటర్‌తో వచ్చే ప్రధాన గొట్టం 75 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండి చెవి పక్కన విల్లులా వంగి ప్రవాహంలో నోటిని లాగుతుంది. ఈ సెట్‌తో దాన్ని మార్చడం ఆనవాయితీ. మార్గాలు మూడు. 210 సెంటీమీటర్లది గుహలకు, నడుముకు పెద్ద టార్చి డబ్బా కట్టేవాళ్లకు. దాని ఊసు వద్దు. 150ది కుడి చంక కిందుగా, ఛాతీ మీదుగా, మెడ వెనకనుంచి నోటికి వస్తుంది. 100ది చంక కిందుగా నేరుగా నోటికి, చివర తిరిగే మోచేయి కీలుతో.

మన డైవర్లలో ఎక్కువమందికి 100దే సరి. 150ది అందంగా ఉంటుంది, ఎదుటివాళ్లకు గాలి ఇచ్చి ఇద్దరూ హాయిగా ఈదుకుంటూ రావచ్చు. కాకపోతే ప్రతి డైవ్ ముందూ దాన్ని పూర్తిగా చాచి చూసుకునే క్రమశిక్షణ కావాలి. గొట్టం మీదుగా ఎవరో టార్చి తాడో కెమెరా తాడో తగిలిస్తే అవసరానికి అది సగంలోనే ఆగిపోతుంది. ఏ గొట్టమైనా, ఇక్కడ మీరు ఎదుటివాళ్లకు ఇచ్చేది మీ నోట్లోదే. మీకు మిగిలేది మెడలో ఎలాస్టిక్ తాడుతో వేలాడే రెండో మౌత్‌పీస్, దాని గొట్టం 55-60 సెంటీమీటర్లు. రెంటు గేర్‌తో నేర్చుకున్న బడ్డీ (జత డైవర్) మీ ఛాతీ మీద పసుపు రంగు ఆక్టోపస్ (అదనపు మౌత్‌పీస్) కోసం వెతుకుతాడు. బోటు మీదే చేత్తో చూపించి "గాలి అయిపోతే ఇది నీకు, ఇది నాకు" అని చెప్పండి. చెప్పకపోతే కంగారులో మీ మెడలోది లాగుతాడు, ఆ తాడు మీ మెడను పట్టుకుంటుంది.

ఆ మెడ తాడు పొడవు సులువుగా తేల్చుకోవచ్చు. చేతులు వాడకుండా గడ్డం వంచితే మౌత్‌పీస్ పెదాలకు అందాలి. బొడ్డు దాకా వేలాడే తాడు మెడలో ఉండి లాభం లేదు.

ప్రెషర్ గేజ్ 60 సెంటీమీటర్ల గొట్టంతో ఎడమ నడుము రింగుకు. కొక్కెం అంటే బోల్ట్ స్నాప్, 316 రకం స్టీల్‌ది. గొట్టానికి దాన్ని స్టీల్ రింగుతో కాక సన్నని నైలాన్ తాడుతో కట్టడం వెనక కారణం ఉంది. కొక్కెం ఉప్పు పట్టి బిగుసుకుపోయినా, ఏదైనా చిక్కుకున్నా తాడు కోసేస్తే విడిపోతుంది. ఇనుముకు ఇనుము తగిలించి ఉంటే నీళ్ల కింద చేయగలిగింది ఏమీ లేదు. కొక్కెం కంటిలోంచి మూడు చుట్లు, గట్టి ముడి, చివర్లు కరిగించడం, అంతే. రెంటు గేర్‌కు కూడా చేసుకోగలిగిన ఒకే ఒక్క మార్పు చెప్పమంటే ఇదే. పది రూపాయల తాడు, ఒక కొక్కెం పట్టుకెళ్తే వేలాడే గేజ్ బాధ పోతుంది.

రెగ్యులేటర్ మొదటి స్టేజ్ (ట్యాంక్ వాల్వుకు తగిలే భాగం) డిన్ రకం, అంటే మరతో తిప్పి బిగించేది, కొంటే యోక్ (వాల్వును బయటినుంచి పట్టే రకం) అడాప్టర్ కూడా సంచిలో ఉండాలి. మన దగ్గర ఎక్కువ సెంటర్ల ట్యాంకులకు యోక్ వాల్వులే. అడాప్టర్ పెడితే మొదటి స్టేజ్ రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి జరిగి తలకు తగలవచ్చు. తల ఎత్తి చూడండి. తగిలితే క్యామ్ బ్యాండ్‌ను పైకి జరిపి కట్టండి, ట్యాంక్ అంతమేర కిందికి దిగుతుంది.

కాళ్లు మునిగితే, తల మునిగితే

నడుము లోతు ఇసుక మీద, 30 సెకన్లు, చేతులు ముందుకు చాచి, ఫిన్లు కదపకుండా పడుకోండి. కాళ్లు దిగిపోతే ట్యాంకును రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరపండి. చాలకపోతే ఒక కిలోను నడుము నుంచి పై క్యామ్ బ్యాండ్ మీది చిన్న జేబులోకి మార్చండి. అప్పటికీ దిగుతుంటే నేరం ఫిన్లది. స్కూబాప్రో జెట్ ఫిన్లు 1965 నుంచి అమ్ముతున్న రబ్బరు ఫిన్లు, కప్పతన్నుకు, వెనక్కి ఈదడానికి గట్టివి. కానీ అవి నీళ్లలో మునుగుతాయి. మందపాటి సూట్లలో కాళ్లు తేలేవాళ్లకు అదే వరం. 3 మిల్లీమీటర్ల సూట్‌తో స్టీల్ ప్లేటు వేసుకున్న మనిషికి తేలికపాటి ఫిన్లు మేలు. ఫిన్లు ఏవైనా రబ్బరు పట్టీ తీసేసి స్ప్రింగ్ పట్టీ వేయించుకోండి. ఊగే బోటులో బకిల్ వెతుక్కునే పని ఉండదు. తల మునిగితే ఇవన్నీ తిరగేసి చేయండి.

ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ అల్యూమినియం అడుగు పైకి లేస్తుంది. కాబట్టి మొదట్లో కాళ్లు రవ్వంత బరువుగా ఉంటే చివరికి సరిపోతుంది.

జేబులో ఏం పెట్టాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. వైజాగ్ పక్కన రుషికొండ దగ్గర, మొత్తంగా మన తూర్పు తీరంలో, తెగిన వలలు అడుగున పడి ఉంటాయి. నీళ్లలో చూపు అండమాన్‌లో అంత దూరం ఆనదు. నడుము పట్టీ ఎడమ వైపు చిన్న లైన్ కట్టర్ అలంకారం కాదు. వల నైలాన్‌ను మొండి కత్తి కంటే ఇది తేలిగ్గా కోస్తుంది. అండమాన్‌లో, కర్ణాటక తీరంలోని నేత్రాణిలో ప్రవాహం, బోట్లు ప్రధానం కాబట్టి 1.2 మీటర్లకు తగ్గని ఎస్‌ఎంబీ (మీరున్న చోటు బోట్లకు చూపించడానికి పైకి వదిలే గాలి గొట్టం), 30 మీటర్ల స్పూల్ (దాని తాడు చుట్టిన ఉండ). గోచీ పట్టీ వెనక రింగుకో తొడ జేబుకో తగిలించండి. వదిలేటప్పుడు మాత్రం స్పూల్ మీ ఒంటికి తగిలి ఉండకూడదు, జామ్ అయితే మిమ్మల్నీ పైకి లాక్కుపోతుంది.

సంచి, బోటు

దేశీయ విమానాల్లో మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. ప్లేటు, పట్టీ, రింగులు కలిపి మూడున్నర, వింగ్ ఒకటిన్నర, రబ్బరు ఫిన్లు రెండున్నర, రెగ్యులేటర్ రెండు పైన. పది కిలోలు ఇక్కడే. శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) ఫ్లైట్‌కు స్టీల్ ప్లేటు మోయడం అర్థం లేని పని అనే వాదన ఉంది. అక్కడ సీసం ఉచితంగా ఇస్తారు, అల్యూమినియం ప్లేటు తీసుకెళ్తే దాదాపు రెండు కిలోలు మిగులుతాయి. ఆ వాదన సరైనదే. తరచూ ఎగిరేవాళ్లు అల్యూమినియం కొనండి. వైజాగ్‌లోనో, బైక్ మీద, కారులో వెళ్లగలిగే చోటో డైవ్ చేసేవాళ్లు స్టీల్ కొనండి. పట్టీ, వింగ్, కొక్కేలు అన్నీ రెండింటికీ అవే. రెగ్యులేటర్, కంప్యూటర్ చేతి సంచిలో. టార్చి విడి లిథియం బ్యాటరీలు కూడా అక్కడే, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు. కట్టర్ మాత్రం చెక్-ఇన్‌లో.

కడగడం ఒక్క మాటలో అయిపోతుంది. బయట మంచినీళ్లు, వింగ్ లోపల కూడా ఇన్‌ఫ్లేటర్ గుండా అర లీటరు మంచినీళ్లు పోసి ఆడించి వంచేయడం, సగం ఊది నీడన ఆరబెట్టడం, కొక్కేల పిన్నులను గోరువెచ్చని నీళ్లలో పదిసార్లు నొక్కడం.

బోటు మీద ఇంకో సంగతి. రెండో డైవ్‌కు ట్యాంకులు మార్చే కుర్రాళ్లు రోజూ జాకెట్లే చూస్తారు. రెండు క్యామ్ బ్యాండ్ల సెట్ కొత్త. బకిల్‌లో పట్టీని ఒక గాడి తప్పించి దూర్చితే చూడ్డానికి బిగిసినట్టే ఉండి నీళ్లలో జారుతుంది. పొడి పట్టీ తడిస్తే సాగుతుంది కూడా. ట్యాంక్ నేనే మార్చుకుంటానని ముందే చెప్పండి. బ్యాండ్లు తడిపి బిగించండి, ప్లేటు పై అంచు పట్టుకుని మొత్తం సెట్ నేల నుంచి లేపి రెండుసార్లు కుదపండి. ట్యాంక్ ఒక్క వేలు మందం జారినా విప్పి మళ్లీ కట్టండి.